ఏం చూడమంటారు?



 పక్క హాల్లో సినిమావాళ్ళతో ముఖాముఖి నడుస్తోందని నాకు తెలుసు. అయినా మీరు ఇటొచ్చారంటే రెండే కారణాలు ఉండాలి. ఒకటి, ఇక్కడ కుర్చీలు మెత్తగా ఉన్నాయి. రెండు, మా ఇంట్లో ఉన్న సమస్యే మీ ఇంట్లోనూ ఉంది.

రాత్రి ఎనిమిదిన్నరకి గిన్నెలు సర్దేసి, వంటగదిలో లైటు ఆర్పి వచ్చి కూర్చోగానే మొదలయ్యే సమస్య అది. "ఇప్పుడేం చూద్దాం?" చిన్నప్పుడు మనకీ బాధ లేదు. ఉన్నది ఒక్క దూరదర్శన్, అది చూపించిందే చూశాం. 1987లో 'రామాయణ్' మొదలైనప్పుడు నాకు ఏడేళ్ళు. మా క్వార్టర్స్‌లో టీవీ ఉన్న ఇల్లు వరసకి ఒకటి. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర కాకముందే ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడేవి. ఇప్పుడు రిమోట్ నొక్కితే వందల బొమ్మలు వరసగా వచ్చి నిలబడతాయి. అరగంటసేపు వాటిని పైకీ కిందకీ తోసి తోసి, విసుగొచ్చి, ఎవరి ఫోన్ వాళ్ళు తీసుకుని ఎవరి గదిలోకి వాళ్ళు పోతాం.

నేను రచయితని కాను, విమర్శకుణ్ణి అసలే కాను. వరంగల్లో ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళకి పైగా ఈ దేశంలో డేటాబేసుల మధ్య కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. కాకపోతే మా ఊళ్ళో ఎవరింట్లో పాట్‌లక్ జరిగినా, పులిహోర దగ్గర నన్ను పట్టుకుని "ఈమధ్య ఏం చూశారు, ఏం చూడమంటారు?" అని అడగడం అలవాటైపోయింది. ఆ సమాధానాలన్నీ ఒకచోట చెప్పేస్తే అందరికీ వీలుగా ఉంటుందని కార్యవర్గంవారు ఈ అరగంట నాకిచ్చారు.

ముందుగా నా తూకపురాళ్ళు చెప్పేస్తాను. సీరీస్ ఏదైనా మొదలుపెట్టే ముందు ఎపిసోడ్లు ఎన్ని, ఒక్కోటి ఎంతసేపు అని గుణించి చూసుకోవడం వృత్తిరీత్యా నాకు వచ్చిన జబ్బు. 'ది వైర్' 60 ఎపిసోడ్లు. దాదాపు 60 గంటలు, అంటే ఆఫీసు లెక్కన వారంన్నర పని. 2003 నుంచి 2008 దాకా జెమినీలో వచ్చిన మంజులా నాయుడుగారి 'చక్రవాకం' వెయ్యి ఎపిసోడ్లు దాటింది. వెయ్యే అనుకుని, ప్రకటనలు తీసేసి ఒక్కోటి ఇరవై నిమిషాలే అనుకున్నా 333 గంటలు. ఎనిమిది వారాల ఉద్యోగం! అంత పని మనచేత చేయిస్తున్నవాళ్ళు మనకేం ఇస్తున్నారు అని అడగడంలో తప్పులేదు కదా.

నటన బాగుందా, ఫోటోగ్రఫీ బాగుందా అన్నవి నేను చెప్పక్కర్లేదు, అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూసేది ఒక్కటే. ఎపిసోడ్ అయిపోయి టీవీ ఆపేశాక ఇంట్లోవాళ్ళు లేచి వెళ్ళిపోయారా, ఇంకాసేపు కూర్చుని మాట్లాడుకున్నారా?

ఈ తూకపురాయి నాకు ఎలా దొరికిందో చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం మా అమ్మ పోయాక నాన్నని ఇక్కడికి తీసుకొచ్చేశాం. ఆయన ఒక థర్మల్ విద్యుత్కేంద్రంలో ముప్ఫై ఏళ్ళకి పైగా షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యారు. మొదట్నుంచీ తక్కువ మాటల మనిషి. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన మాటలు కూడా అమ్మే మాట్లాడేది. ఇక్కడికొచ్చాక ఆ కాస్తా పోయింది. పొద్దున నడక, పేపరు, భోజనం, గదిలో యూట్యూబ్‌లో ప్రవచనాలు. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, దాని గదిలో దాని లాప్‌టాప్. మేమిద్దరం హాల్లో. ఒక ఇంట్లో మూడు గదులు, మూడు తెరలు. తాతా మనవరాళ్ళ మధ్య "గుడ్ మాణింగ్ తాతయ్యా", "తిన్నావామ్మా" తప్ప మూడో వాక్యం లేదు. వాళ్ళిద్దరికీ ప్రేమ లేక కాదండీ, మాట్లాడుకోవడానికి విషయం లేక. మా ఆవిడ ఒకరోజు ఉన్నట్టుండి, "రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఇంట్లో ఒకే తెర వెలగాలి, రిమోట్ మావయ్యగారి చేతిలో ఉండాలి" అని శాసనం చేసింది. ఏం పెట్టాలో చూసే పని నాకు అప్పగించింది.

మొదట పెట్టింది 'చెర్నోబిల్'. 2019లో హెచ్‌బీవో తీసింది, 5 ఎపిసోడ్లే. క్రెయిగ్ మేజిన్ రాశాడు. మా అమ్మాయికి సైన్సు ఇష్టం, నాన్నకి కరెంటు తెలుసు, అంతవరకే నా ఆలోచన.

కథ మీకు తెలిసే ఉంటుంది. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక సోవియట్ యూనియన్‌లోని ఆ అణువిద్యుత్కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలిపోయింది. ఆ రాత్రి వాళ్ళు చేస్తున్నది ఒక భద్రతా పరీక్ష. బయటి కరెంటు పోతే, డీజిల్ జనరేటర్లు అందుకునేలోగా, ఆగిపోతున్న టర్బైన్ ఇంకా తిరుగుతున్న ఊపుతోనే పంపులు నడపగలమా అని చూడ్డం. ఆ పరీక్ష పగలే జరగాల్సింది. కానీ కీవ్‌లో గ్రిడ్ చూసేవాళ్ళు కరెంటు చాలదు, ఉత్పత్తి తగ్గించకండి, కాసేపు ఆగండి అన్నారు. ఆ కాసేపు పది గంటలదాకా సాగింది. పరీక్షకి సిద్ధమైనవాళ్ళు ఇళ్ళకెళ్ళిపోయారు. ఆ భారం రాత్రి షిఫ్టువాళ్ళ నెత్తిన పడింది. రియాక్టర్ నడిపే సీట్లో కూర్చున్న కుర్రాడి వయసు 25.

ఆ ఫోన్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో నాన్న రిమోట్ నొక్కి ఆపేశారు. "లోడ్ డిస్పాచ్" అన్నారు. అంతే, ఆ రెండు మాటలే. మా అమ్మాయి "అంటే ఏంటి తాతయ్యా?" అంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి అయిపోవాల్సిన ఎపిసోడ్ పదకొండున్నరకి అయింది. రాష్ట్రంలో ఎక్కడెక్కడ ఎంత కరెంటు పుడుతోంది, ఎంత ఖర్చవుతోంది చూస్తూ, ఎవరు పెంచాలో ఎవరు తగ్గించాలో చెప్పే చోటు లోడ్ డిస్పాచ్. మన దక్షిణాది గ్రిడ్‌లో ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడూ కొరతే. 50 ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 48కి దిగి కూర్చునేది. అలాంటప్పుడు ఏ యూనిట్‌నైనా ఆపుతామంటే అవతలివాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. ఇవన్నీ ఆయన ఒక కాగితం తీసుకుని, బాయిలరు బొమ్మ గీసి, అమ్మాయికి తెలుగులో చెప్పారు. అదేమో ఇంగ్లీషులో అడుగుతుంది, ఈయన తెలుగులో చెబుతారు. ఒక్కచోట కూడా ఇద్దరూ ఆగలేదు.

మర్నాడు ఇంకో సంగతి బయటికొచ్చింది. చూసినవాళ్ళకి గుర్తుంటుంది, పేలుడు జరిగాక రేడియేషన్ కొలిస్తే 3.6 వచ్చిందని పైవాళ్ళందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు సంగతేమిటంటే, ఆ చేతిమీటరు అంతకుమించి చూపించలేదు. ముల్లు చివరికి వెళ్ళి ఆగిపోయింది. మా ఆఫీసుల్లో రోజూ జరిగేది ఇదే. తెరమీద పచ్చరంగు వెలుగుతుంటే అంతా బాగుందనుకుంటాం, ఆ పచ్చరంగు పంపించే ప్రోగ్రామే చచ్చిపడి ఉందని ఎవరికీ తట్టదు. నేనది చెబుతుంటే నాన్న, "మాకూ ఒకసారి అయింది" అన్నారు.

1990 ప్రాంతంలో ఒక రాత్రి షిఫ్టు. 110 మెగావాట్ల యూనిట్. బాయిలరు పైన ఆవిరి డ్రమ్ము ఉంటుంది, దాంట్లో నీటిమట్టం ఒక హద్దులో ఉండాలి. తగ్గితే గొట్టాలు కాలిపోతాయి, అక్కడ మనుషులుంటే మనుషులు పోతారు. కంట్రోల్ రూంలో మీటరు అంతా సవ్యంగా ఉందని చూపిస్తోంది. నాన్నకి మాత్రం లోపలికి పోయే నీళ్ళ లెక్క, బయటికొచ్చే ఆవిరి లెక్క పొంతన కుదరలేదు. పైకి ఒక మనిషిని పంపి, డ్రమ్ము పక్కన ఉండే గాజుగొట్టంలో కంటితో చూసి రమ్మన్నారు. అతను ఫోన్ చేసి, "సార్, గాజులో నీళ్ళు కనపడట్లేదు" అన్నాడు. లోడ్ డిస్పాచ్‌ని అడగలేదు, పైఅధికారిని లేపలేదు. నాన్న యూనిట్‌ని ట్రిప్ చేసేశారు.

తెల్లారేసరికి మెమో. మీటరు సవ్యంగా చూపిస్తుండగా, కరెంటు కొరత ఉన్న రోజుల్లో, యూనిట్ ఎందుకు ఆపారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. తర్వాత విప్పి చూస్తే మీటరుకి వెళ్ళే సన్నగొట్టంలో మట్టి పేరుకుని మూసుకుపోయి ఉంది. ఆయన ఆపకపోయుంటే ఏమయ్యేదో అందరికీ అర్థమైంది. కానీ మెమో వెనక్కి తీసుకుంటున్నామన్న కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. విద్యుత్కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. అప్పుడు నాకు పదేళ్ళు. అదే ఇంట్లో ఉన్నాను. ఈ సంగతి ఈ దేశంలో, ఒక అమెరికా టీవీ సీరీస్ చూస్తూ, నలభై దాటాక విన్నాను. మా అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం నాకు తట్టేది కాదు. "పైకెళ్ళి చూసొచ్చినాయన పేరేంటి తాతయ్యా?" నాన్న ఠక్కున చెప్పారు. ముప్ఫై అయిదేళ్ళు కావొస్తున్నా ఆ పేరు మర్చిపోలేదు.

అందుకని నా మొదటి సిఫార్సు 'చెర్నోబిల్'. అయితే రెండు హెచ్చరికలు. మూడో ఎపిసోడ్‌లో ఆసుపత్రి దృశ్యాలు, నాలుగోదాంట్లో ఊళ్ళో వదిలేసి వెళ్ళిన కుక్కల్ని కాల్చే భాగం పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ తట్టుకోలేరు. ఆ కాసేపు దాటించెయ్యండి, కథకి లోటు రాదు. రెండోది, అదంతా చరిత్ర అనుకోకండి. ఉలానా ఖొమ్యుక్ అనే శాస్త్రవేత్త కల్పిత పాత్ర, ఎందరో శాస్త్రవేత్తలకి బదులుగా పెట్టిన మనిషి. చివర కోర్టులో లెగాసోవ్ చేసే గొప్ప ప్రసంగం కూడా కల్పనే, ఆయన అసలు ఆ విచారణకి వెళ్ళలేదు. నాటకానికి ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వొచ్చుననుకోండి, పిల్లలకి మాత్రం చెప్పి చూపించాలి.

ఇక మా అత్తగారి సంగతికొద్దాం. (ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉన్నారు, కాబట్టి జాగ్రత్తగా మాట్లాడతాను.) రెండేళ్ళకోసారి ఆరునెలలు మా దగ్గరికొస్తారు. డైలీ సీరియల్ ఆవిడకి ప్రాణం. మన కుర్రకారు ఈ సీరియల్స్‌ని ఎగతాళి చేస్తూ ఉంటారు, ఒక మాట మూడుసార్లు చూపిస్తారనీ, ఉరుములూ మెరుపులూ ఎక్కువనీ. ఆవిడ చూసే పద్ధతి గమనించాక నేను నోరు మూసుకున్నాను. ఆవిడ చూడరు, వింటారు. చేతిలో చిక్కుడుకాయలు, కత్తిపీట. ఉరుము వినపడితే తలెత్తుతారు. పని చేసుకునే ఆడవాళ్ళ కోసం, రేడియోలా వినడానికి కట్టిన కథలవి. ఆ లెక్కన వాటి పని అవి బాగానే చేస్తున్నాయి. 'ది వైర్' పెట్టుకుని చిక్కుడుకాయలు వలవడం మాత్రం ఎవరి తరమూ కాదు.

అలాంటి ఆవిడ కోసం వెతికి పట్టుకున్నది ఒక కొరియా సీరీస్, 'జాంగ్ గుమ్'. ఇంగ్లీషులో 'జ్యూయెల్ ఇన్ ద పాలెస్' అంటారు. 2003-04లో వచ్చింది, 54 ఎపిసోడ్లు. పదహారో శతాబ్దపు కొరియా. రాజుగారి వంటశాలలో పనికి చేరిన ఒక అనాథ పిల్ల, అక్కడి కుట్రలకి బలై, అంతా పోగొట్టుకుని, వైద్యం నేర్చుకుని, చివరికి రాజుకే వైద్యురాలవుతుంది. అప్పటి రాజాస్థానం రికార్డుల్లో జాంగ్ గుమ్ అనే వైద్యురాలి పేరు నిజంగానే ఉంది. మిగతాదంతా అల్లిన కథ.

చిక్కల్లా భాషతోనే. మాటలు కొరియన్, కింద అక్షరాలు ఇంగ్లీషు, మా అత్తగారికి రెండూ రావు. అప్పుడు మా అమ్మాయిని అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టాం. కింద వచ్చే ఇంగ్లీషు చదివి, అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం దాని పని. మొదటి వారం చాలా ఇబ్బంది పడింది. "వాళ్ళు ఆవిణ్ణి ఐలాండ్‌కి పంపేశారు అమ్మమ్మా, పనిష్మెంట్‌కి" అంటే, మా అత్తగారు "ద్వీపాంతరం పంపించారనాలి" అని సవరించారు. "వేడినీళ్ళలో ఆకులు వేసి కాచిన మందు" అంటే "కషాయం అనమ్మా" అన్నారు. పథ్యం, నాడి చూడ్డం, విషప్రయోగం, దాసి, అంతఃపురం, చాడీలు చెప్పడం... ఈ మాటలన్నీ మేం ఆదివారం తెలుగుబడికి తీసుకెళ్ళి, చలిలో కారులో కూర్చుని కాపలా కాసినా రానివి. రెండో నెలకి అది సబ్‌టైటిల్ కంటే ముందే చెప్పేస్తోంది. మొన్నీమధ్య పరీక్షలని దాని ఫోన్ తీసి దాచేస్తే, "నా ఫోన్‌ని ఎక్కడికి ద్వీపాంతరం పంపించావు డాడీ?" అంది. నాకు కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

ఆ సీరీస్‌లో ఒక దృశ్యం ఉంది. వంటశాల పెద్దావిడ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మాంసం కూర రుచి చూపించి, తీపి దేంతో వచ్చిందో చెప్పమంటుంది. అందరూ చక్కెర, తేనె అంటారు. జాంగ్ గుమ్ ఒక్కతే ఒక పండు పేరు చెబుతుంది. ఎలా తెలిసిందంటే, ఆ పండు రుచి తగిలింది కాబట్టి చెప్పానంటుంది, అంతకుమించి కారణం ఏముంటుందన్నట్టు. మా అత్తగారు కత్తిపీట పక్కకి జరిపి, "అదీ నాలుకంటే" అన్నారు. ఆ తర్వాత సీరీస్ అయ్యేదాకా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ కనపడలేదు. ఇంట్లో పెద్ద ఆడవాళ్ళుంటే, సబ్‌టైటిల్స్ చదివిపెట్టే పిల్లలుంటే, ఇంతకంటే మంచిది నేను చెప్పలేను. అన్నట్టు, పిల్లలకి ఈ పని అప్పజెప్పేటప్పుడు "తెలుగు నేర్చుకోవడానికి" అని మాత్రం చెప్పకండి. అమ్మమ్మకి సాయం అని చెప్పండి.

మా ఆవిడా నేనూ మాత్రమే చూసింది 'హాల్ట్ అండ్ క్యాచ్ ఫైర్'. 2014 నుంచి 2017 దాకా ఏఎంసీలో వచ్చింది, 4 సీజన్లు, 40 ఎపిసోడ్లు. చూసినవాళ్ళు తక్కువ. ఈ గదిలో చేతులెత్తమంటే అయిదారు లేస్తాయేమో. కంప్యూటర్ల మీద ఇంత నిజాయితీగా తీసిన కథ నేను ఇంకోటి చూడలేదు. 1983, టెక్సాస్‌లో డాలస్. ఇద్దరు మనుషులు ఐబీఎం పీసీ తెచ్చి గరాజ్‌లో విప్పి, దాని బయాస్ చిప్‌లో ఉన్న అంకెల్ని ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంటారు. అసలు కోడ్ చూసినవాడు కొత్త కోడ్ రాయకూడదు, రాస్తే దొంగతనం. అందుకని దాన్ని ఎన్నడూ చూడని ఒక అమ్మాయిని తెచ్చి, ఇది ఏం చెయ్యాలో మాత్రమే చెప్పి, మళ్ళీ రాయిస్తారు. హ్యూస్టన్‌లో 1982లో పుట్టిన కాంపాక్ కంపెనీ నిజంగా చేసింది ఇలాంటిదే. మొదటి సీజన్లో సగం దాకా కాస్త ఓపిక పట్టాలి, ఊరికే గంభీరంగా నడుస్తుంది. ఆడవాళ్ళిద్దరూ కలిసి సొంత కంపెనీ నడపడం మొదలయ్యే రెండో సీజన్ నుంచీ అసలు కథ. పడకగది దృశ్యాలున్నాయి, పెద్దల ముందు వద్దు.

అందులో డోనా అనే ఆవిడ ఇంజనీరు. భర్తా ఇంజనీరే. ఇద్దరు ఆడపిల్లలు. కరిగిన సోల్డరు వాసన తెలిసిన చేతులు ఆవిడవి, కానీ ఇంట్లో కలలన్నీ ఆయనవి. మా ఆవిడ ఎం.టెక్. చేసి వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉంది. 2015 మేలో నియమం మారి హెచ్-4 మీద ఉన్న కొందరికి పనిచేసే అనుమతి వచ్చేదాకా అంతే. ఆ ఏళ్ళ గురించి తను ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. డోనా రాత్రిపూట అందరూ పడుకున్నాక మెషీన్ ముందు కూర్చునే చోట టీవీ ఆపమంది. ఆ ఏళ్ళలో నేను ఆఫీసుకెళ్ళాక నా పాత పుస్తకాలు తీసి లెక్కలు చేసుకునేదాన్నని, నేను వచ్చే టైముకి మళ్ళీ అలమారలో సర్దేసేదాన్నని చెప్పింది. ఈ గదిలో ఆ ఏళ్ళు గడిపిన అక్కచెల్లెళ్ళు చాలామందే ఉంటారని తెలుసు. మీ ఆయనతో కలిసి చూడండమ్మా. ఆయన ఫోన్ పక్కన పెట్టించండి.

అందరూ అడిగే పెద్ద పేర్లు గబగబా చెప్పేస్తాను, టైమ్ అవుతోందని అధ్యక్షులవారు చీటీ పంపించారు. 'ది వైర్', 2002 నుంచి 2008. బాల్టిమోర్ నగరం. రాసినవాళ్ళలో డేవిడ్ సైమన్ అక్కడి పత్రికలో విలేఖరి, ఎడ్ బర్న్స్ అక్కడే పోలీసు డిటెక్టివ్, తర్వాత బడిపంతులు. అందుకే మత్తుమందుల వీధి, ఓడరేవు, నగర రాజకీయం, బడి, పత్రిక అని సీజన్‌కొక తలుపు తెరుస్తారు. బడి మీద వచ్చే నాలుగో సీజన్ నా లెక్కలో టీవీలో వచ్చిన అన్నిటికంటే పైమెట్టు. భాష బహు మోటు. ఒంటరిగా, చెవుల్లో పెట్టుకుని చూడండి. 'బ్రేకింగ్ బాడ్' అద్భుతమే, కాదనను, కానీ కెమిస్ట్రీ మేష్టార్లంటే మనకున్న గౌరవం ఏమవుతుందో ఆలోచించుకోండి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 73 ఎపిసోడ్ల విందు. చివర్లో పాయసం మాడింది. నేను చెప్పను.

మన భాషలో ఏమీ లేవా అంటే, ఉన్నాయి. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్', ఆరే ఎపిసోడ్లు. లెక్కల మేష్టారి ఇల్లు, ముగ్గురు పిల్లలు, మార్కుల గొడవ. శివాజీగారి నటన చూసి మా అమ్మాయి నన్ను అనుమానంగా అడిగింది, "మీ ఇల్లు కూడా ఇంతేనా?" అని. ఇంతకంటే ఘోరం అన్నాను. హిందీ 'పంచాయత్' 2020లో మొదలైంది. ఇంజనీరింగ్ చదివి మంచి ఉద్యోగం రాక, ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లెలో పంచాయతీ కార్యదర్శిగా చేరిన కుర్రాడు. ప్రధాన్ ఆడమనిషి, పెత్తనం ఆవిడ మొగుడిది. అది ఏ పల్లెలోనైనా మనకి తెలిసిన కథే. దాన్నే తెలుగులో 2025లో 'సివరపల్లి' అని తీశారు. మూలాన్ని చాలా దగ్గరగా అనుసరించారు, కాబట్టి రెంటిలో ఒకటి చూస్తే చాలు. మా నాన్నకి మాత్రం తెలంగాణ మాట వినపడుతోందని తెలుగుదే నచ్చింది. చిన్నపిల్లలుంటే శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' ఇప్పటికీ సాటిలేనిది. ఆర్.కె. నారాయణ్ కథలు, కర్ణాటకలో అగుంబె అనే ఊళ్ళో తీశారు, ఒక్కో ఎపిసోడ్ అరగంట లోపే. గంభీరంగా వద్దు, కాస్త నవ్వుకుంటామంటే గుణ్ణం గంగరాజుగారి 'అమృతం' ఎలాగూ ఉంది. అమృతరావు వేషానికి నటులు మారినా, ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు ఉండగా ఇంకేం కావాలి?

ఏది ఏ యాప్‌లో దొరుకుతుందని మాత్రం అడక్కండి, అవి చేతులు మారుతూ ఉంటాయి. మీ పిల్లలనడిగితే నిమిషంలో చెబుతారు. ఇంకోటి, రోజుకి ఒక్క ఎపిసోడే. రాత్రంతా కూర్చుని ఒక్క ఊపులో లాగించేసే పద్ధతి కథకి మంచిదేమో గానీ కుటుంబానికి కాదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర "ఏమవుతుందంటావు?" అని అడగడానికి మధ్యలో కాస్త ఖాళీ ఉండాలి.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్నది 'రిప్లై 1988'. ఇదీ కొరియాదే, 2015-16లో వచ్చింది, 20 ఎపిసోడ్లు. సియోల్ నగరంలో ఒక సందు, అందులో అయిదు ఇళ్ళు. ఒకరింట్లో కూర వండితే గిన్నెలు ఐదిళ్ళకీ తిరుగుతాయి. నాన్న చూసి "మన క్వార్టర్సే" అన్నారు. అందులో ఒక తండ్రి బ్యాంకు ఉద్యోగి, ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టి, ఉన్నదంతా పోయి, పక్కవాళ్ళ ఇంటి కింద సగం నేలలో ఉన్న వాటాలో ఉంటాడు. హామీ సంతకంతో దెబ్బతిన్న బాబాయి లేని తెలుగు ఇల్లు ఎక్కడైనా ఉందా? ఆ ఎపిసోడ్ అయ్యాక మా బంధువుల చిట్టా అంతా మా అమ్మాయికి తెలిసిపోయింది. అడ్డు వేద్దామనుకున్నాను గానీ, రిమోట్ నా చేతిలో లేదు.

ఆ సందులో దొక్-సన్ అని ఒక పిల్ల ఉంది. పెద్దయ్యాక ఎవరిని పెళ్ళి చేసుకుందో చివరిదాకా దాచిపెడతారు. నాన్న ఒక కుర్రాడి మీద, మా అమ్మాయి ఇంకో కుర్రాడి మీద పందెం వేసుకున్నారు. అమ్మాయి ఓడిపోతే గుణింతాలన్నీ చూడకుండా రాయాలి. నాన్న ఓడిపోతే పైనాపిల్ వేసిన పిజ్జా తినాలి. మేమిప్పుడు తొమ్మిదో ఎపిసోడ్‌లో ఉన్నాం. నా ప్రసంగం అయిపోయింది, ప్రశ్నలుంటే అడగండి. ఈ సీరీస్ ముందే చూసేసినవాళ్ళు మాత్రం దయచేసి మా నాన్న దగ్గరికి వెళ్ళకండి, నాలుగో వరసలో చివరి కుర్చీ ఆయనదే.